కూటమిలో చిన్న పార్టీ మంత్రి మాట చెల్లుతుందా? సచివాలయంలో నేను చూసింది

మీ ప్రశ్న: ప్రధాన పార్టీకి సొంతంగానే మెజారిటీ ఉన్నప్పుడు, కూటమిలోని చిన్న పార్టీ మంత్రికి నిజంగా అధికారం ఉంటుందా, పేరుకేనా?

నేను సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. మొదట హైదరాబాదు, 2016 నుంచి వెలగపూడి. రాజకీయం లోపలి సంగతులు నాకు తెలియవు. ఫైలు ఏ దారిన పోతుందో తెలుసు, అదే చెబుతాను.

అధికారం ఉంటుంది. కాకపోతే ఎంత అన్నది ఆయన పార్టీకి ఎన్ని సీట్లున్నాయన్న దానికన్నా, ఆయన శాఖకు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నా అభిప్రాయం.

ముందు సీట్ల సంగతి. 2004లో కాంగ్రెస్‌కు 294లో 185 వచ్చాయి. 26 సీట్లతో మంత్రివర్గంలో చేరిన టీఆర్ఎస్ 2005 జులైలో బయటికి వచ్చేసినా వైఎస్ ప్రభుత్వానికి ఏమీ కాలేదు. 2014లో 175కి తెలుగుదేశానికి 102, బీజేపీకి 4. 2024లో తెలుగుదేశానికే 135, జనసేనకు 21, బీజేపీకి 8. అంటే మన దగ్గర ఈ మూడుసార్లూ మద్దతు తీసేస్తే ప్రభుత్వం పడిపోతుందనే పరిస్థితి లేదు. కర్ణాటకలో అలా కాదు. 37 సీట్ల పార్టీ నాయకుడు కుమారస్వామి 2018లో ముఖ్యమంత్రి అయ్యారు, 2019 జులైలో బలపరీక్షలో 99-105తో ఓడిపోయారు. అక్కడ ప్రతి ఎమ్మెల్యే లెక్కే. ఇక్కడ చిన్న పార్టీ మంత్రికి ఆ బలం లేదు కాబట్టి, శాఖలోనే బలం వెతుక్కోవాలి.

శాఖలో ఏముంటుంది? మంత్రి సంతకంతో తేలే ఫైళ్లు చాలానే ఉంటాయి. కానీ కొత్త పోస్టు కావాలన్నా, బడ్జెట్‌లో లేని ఖర్చు పెట్టాలన్నా ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. ఐఏఎస్ అధికారుల బదిలీలు సాధారణ పరిపాలన శాఖవి, అంటే ముఖ్యమంత్రివి. తన కింద పనిచేసే కార్యదర్శిని మంత్రి ఎంచుకోలేరు. పెద్ద విధాన నిర్ణయమైతే బిజినెస్ రూల్స్, అంటే ఏ ఫైలు ఎవరి దగ్గర తేలాలో చెప్పే ప్రభుత్వ నిబంధనల ప్రకారం ముఖ్యమంత్రికో, మంత్రివర్గానికో వెళ్లాల్సిందే. ప్రధాన పార్టీ మంత్రికీ ఇవే రూల్స్, అందులో తేడా లేదు. తేడా ఎక్కడంటే, ఫైలు ఆగిపోయినప్పుడు ఆయన నేరుగా ముఖ్యమంత్రి దగ్గర కూర్చుని తేల్చుకోగలరు. పొత్తు మంత్రికి ఆ చిన్న పని కూడా రెండు పార్టీల మధ్య వ్యవహారంగా మారిపోతుంది. నేను చూసినవాళ్లలో మంచి మంత్రులు కూడా అందుకే అడగడానికి మొహమాటపడేవారు.

అందుకే డబ్బు దారి ముఖ్యమన్నాను. 2014లో బీజేపీకి వచ్చిన రెండు శాఖలే చూడండి. పైడికొండల మాణిక్యాలరావు గారికి దేవాదాయం, కామినేని శ్రీనివాస్ గారికి వైద్య ఆరోగ్యం. దేవాదాయ శాఖ ఎక్కువగా గుళ్ల సొంత ఆదాయం మీద, కామన్ గుడ్ ఫండ్ (గుళ్లు తమ ఆదాయంలోంచి వాటా ఇచ్చే ఉమ్మడి నిధి) మీద నడుస్తుంది కాబట్టి ఖజానా వైపు అంతగా చూడనక్కర్లేదు. వైద్యానికి జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బు కొంత వస్తుంది, కానీ జీతాలు, ఆసుపత్రుల భారమంతా రాష్ట్రానిదే. 2024లో పవన్ కల్యాణ్ గారు తీసుకున్న పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖలకు అప్పుడు ఉపాధి హామీ ఉంది. కూలి డబ్బు మొత్తం, సామగ్రి ఖర్చులో 75 శాతం కేంద్రానిది. ఆ ఏడాది ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి, అక్టోబరులో పల్లె పండుగ పేరుతో సీసీ రోడ్ల పనులు మొదలుపెట్టగలిగారంటే, ఆయన పలుకుబడితో పాటు ఆ డబ్బూ కారణమే. శాఖల పంపకం వార్త వస్తే ఎన్ని శాఖలన్నది కాదు, ఇది చూడండి.

ఇప్పుడు నా అనుభవం. 2018 మార్చి 8. అసెంబ్లీలో బడ్జెట్ రోజు. ఆ రోజే బీజేపీ మంత్రులిద్దరూ రాజీనామా చేశారు. నేను ఆ రెండు శాఖల్లో ఒకదానిలో ఉన్నాను, అది ఏ శాఖో చెప్పడం ఇష్టం లేదు. మధ్యాహ్నానికల్లా మాకొచ్చిన మొదటి పని, మంత్రిగారి లాగిన్‌లో సంతకం కాకుండా ఉన్న ఫైళ్ల జాబితా తీయడం. శాఖ ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్తుంది కాబట్టి వాటిని మళ్లీ పంపాలి. అది తేలిగ్గానే అయిపోయింది, ఫైళ్లన్నీ కంప్యూటర్లోనే నడిచే ఈ-ఆఫీసులో ఫైలు ఎక్కడికీ పోదు.

పోయేవి కాగితం అర్జీలు. పేషీలో మంత్రిగారు తన ఊరి నుంచి తెచ్చుకున్న ఒక కుర్రాడుండేవాడు. వచ్చినవాళ్ల అర్జీలన్నీ తీసుకుని, ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేవాడు. మంత్రి లేకపోతే వాడి ఉద్యోగమూ లేదు. సాయంత్రం రెండు సంచులు తెచ్చి నా బల్ల పక్కన పెట్టి, "ఇవి ఎవరికివ్వాలి సార్? నేను చేయిస్తానని చెప్పాను వాళ్లకి" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ ఏం చెప్పలేకపోయాను.

మరునాడు శుక్రవారం. వారాంతానికి ఇంటికి వెళ్లే హైదరాబాదు రైలు వదిలేసి, మా సెక్షన్లో ఇద్దరం కూర్చుని వాటిని విడదీశాం. కొన్ని మా శాఖవి కావు. కొన్నింటికి వేరే శాఖల చిరునామాలు రాశాం. మావాటికి ఇన్వార్డు నంబర్లు, అంటే అర్జీ ఆఫీసుకు చేరినట్టు నమోదు చేసే నంబర్లు వేసి, అర్జీ మీద ఫోన్ నంబరున్న వాళ్లందరికీ ఆ నంబరు చెప్పాం. ఫోన్ నంబరు లేనివి చాలా ఉన్నాయి.

కాబట్టి మీకు ఏ మంత్రి దగ్గరైనా పని ఉంటే, ఆయన ఏ పార్టీ అయినా సరే, పేషీలో ఇచ్చిన అర్జీ నకలు ఆ శాఖ కార్యదర్శి కార్యాలయంలో కూడా ఇచ్చి ఇన్వార్డు నంబరు రాయించుకోండి. అర్జీ మీద మీ ఫోన్ నంబరు స్పష్టంగా రాయండి. ఆ సంచుల్లో నాకు గుర్తున్న అర్జీ ఒకటి ఉంది, పెన్సిల్‌తో రాసింది, ఊరి పేరు తడికి చెరిగిపోయింది. దాన్ని ఎక్కడికి పంపాలో మాకు ఈనాటికీ తెలియలేదు.