సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష)లో తెల్ల కణాలు పెరిగితే న్యుమోనియా అనుకోవచ్చా?

మీ నాన్నగారికి జ్వరం, దగ్గు తగ్గడం లేదని, తెల్ల కణాలు 13,600, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రోటీన్) 62 వచ్చాయని, ఇది న్యుమోనియాయేనా, ఆసుపత్రిలో చేర్చాలా అని అడిగారు. కర్నూలులో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను.

ఈ అంకెలు ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చని మాత్రమే చెబుతాయి. అది ఊపిరితిత్తులలో ఉన్నదో లేదో డాక్టరు స్టెతస్కోపుతో విని, ఎక్స్‌రే చూసి తేల్చాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా (స్టెరాయిడ్) సూది వేయించుకుని ఉంటే, ఇన్‌ఫెక్షన్ లేకపోయినా తెల్ల కణాలు పెరుగుతాయి కనుక ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. సీఆర్‌పీ విషయంలో బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు రూపొందించే నైస్ సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పరీక్షించినా న్యుమోనియా అని తేలని రోగికి లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాధారణంగా యాంటీబయాటిక్ అవసరం లేదు, 100 దాటితే ఇవ్వాలి, మధ్యలో ఉంటే లక్షణాలు ముదిరితే వాడమని చీటీ రాసి ఇవ్వవచ్చు. అయితే కొన్ని ల్యాబులు డెసిలీటరు లెక్కన ఇస్తాయి, అక్కడ 6.2 అన్నా ఇక్కడ 62 అన్నా ఒకటే కాబట్టి రిపోర్టులో యూనిట్ చూడండి.

వ్యాధి తీవ్రత వేరే సంగతి. ఆదోనిలో ఉండే మా పెద్దనాన్నగారికి ఇలాగే దగ్గు వచ్చినప్పుడు తెల్ల కణాలు 9,400 మాత్రమే ఉండడంతో ఇంట్లోవాళ్లు ఊరట చెందారు. కానీ లీష్మన్ రంగు వేసిన స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే నూటికి తొంభై న్యూట్రోఫిల్సే (బ్యాక్టీరియాతో పోరాడే తెల్ల కణాలు), వాటిలో ఇంకా ముదరని బ్యాండ్ కణాలు చాలా ఉన్నాయి, కొన్నింటిలో ముతక రేణువులు నల్లగా కనిపించాయి; ఇవి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌కు గుర్తులు. బ్లడ్ యూరియా 74 వచ్చింది, ఊపిరి నిమిషానికి 34 సార్లు తీసుకుంటున్నారు. వెంటనే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చేర్చాము; ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా నిండిపోయి ఉంది. వయసు మీద పడినవారిలో కణాల సంఖ్య మామూలుగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

న్యుమోనియా తీవ్రతను అంచనా వేయడానికి డాక్టర్లు వాడే కర్బ్-65 అనే కొలమానంలో ఐదు అంశాలున్నాయి: మతి తడబాటు, యూరియా డెసిలీటరుకు సుమారు 42 మిల్లీగ్రాములు దాటడం, ఊపిరి నిమిషానికి 30 లేదా అంతకు మించడం, బీపీ పడిపోవడం, 65 లేదా అంతకు పైబడిన వయసు. తెల్ల కణాలకు అందులో చోటే లేదు. రెండు అంశాలున్నా ఆసుపత్రి గురించి ఆలోచించాలి, మూడుంటే తీవ్రమైనదని అర్థం. రిపోర్టులో యూరియా బదులు బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్‌ను మాత్రమే చెప్పే లెక్క) ఉంటే హద్దు 20 దగ్గరే ఉంటుంది.

నాన్నగారికి తెలియకుండా పొట్ట కదలిక చూస్తూ నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. అది 30కి చేరినా, ఆక్సిమీటరులో 92 కంటే తగ్గినా, మాట తడబడినా రిపోర్టుల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేవీ లేకపోయినా ఈ రోజే డాక్టరుకు చూపించి, యూరియా చేయించండి. సీఆర్‌పీకి ఇచ్చిన సీరమ్ ల్యాబు ఫ్రిజ్‌లో ఇంకా ఉంటే అందులోనే చేస్తారు, మళ్లీ రక్తం తీయనవసరం ఉండదు.