శీర్షికలో లవం ఉంటుంది, హారం ఉండదు

మీరు అడిగింది: పొద్దున్నే వార్తలు తెరిస్తే ఆర్థిక వ్యవస్థ ఇవాళో రేపో కూలేట్టు కనిపిస్తోంది, జనం అభిప్రాయాల మీద ఆ శీర్షికల ప్రభావం నిజంగా ఉంటుందా, వాటిని ఎలా చదవాలి అని.

ప్రభావం ఉంటుంది. అయితే శీర్షికల్లో పచ్చి అబద్ధాలు తక్కువే. అంకె నిజమే ఉంటుంది, దాన్ని దేనితో భాగించి చూడాలో మాత్రం చెప్పరు.

2018 ఫిబ్రవరి 5న అమెరికా స్టాక్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ 1,175 పాయింట్లు పడితే 'చరిత్రలోనే అతిపెద్ద పతనం' అన్నారు. పాయింట్ల లెక్కన అప్పటికి అది నిజమే. కానీ సూచీ 25,500 దగ్గర ఉంది కాబట్టి పడింది 4.6 శాతం. 1987 అక్టోబర్ 19న పడినవి 508 పాయింట్లే, కానీ అది 22.6 శాతం! సూచీ ఎత్తు పెరిగేకొద్దీ పాయింట్ల రికార్డులు వాటంతటవే బద్దలవుతుంటాయి. 'లక్షల కోట్ల సంపద ఆవిరి' కూడా ఈ బాపతే. చివరి ధరను కంపెనీ మొత్తం షేర్లతో గుణిస్తే వచ్చే విలువలో తేడా అది. ఆ రోజు చేతులు మారేవి అందులో కొద్ది షేర్లే. మర్నాడు మార్కెట్ లేస్తే ఆ ఆవిరి మళ్లీ నీరైందని ఎవరూ రాయరనుకోండి.

ఇంతకంటే చిక్కైనది వార్షిక రేటు. 2020 రెండో త్రైమాసికంలో అమెరికా జీడీపీ 32.9 శాతం పడిందని తొలి అంచనా వచ్చింది. మూడో వంతు ఆర్థిక వ్యవస్థ పోయిందనుకున్నారు చాలామంది. నిజానికి అంతకుముందు త్రైమాసికంతో పోలిస్తే తగ్గింది సుమారు 9.5 శాతం. అదే వేగం ఏడాదంతా సాగితే ఎంతవుతుందో చెప్పే అంకె 32.9: 9.5 శాతం పోగా మిగిలే 0.905ను, నాలుగు త్రైమాసికాలకు నాలుగుసార్లు వేసి గుణించండి, 0.671 వస్తుంది, అంటే పోయేది 32.9 శాతం. 9.5 కూడా చిన్న దెబ్బేం కాదు, కానీ మూడో వంతు కాదు.

'ద్రవ్యోల్బణం తగ్గింది' అనేది తిరకాసు శీర్షిక. అమెరికాలో అది 2022 జూన్‌లో 9.1 శాతం, 2023 జూన్‌లో 3 శాతం. అంటే 100 ఉన్న ధర మొదటి ఏడాది 109.1 అయింది, రెండో ఏడాది 112.4 దాకా పోయింది. తగ్గింది పెరుగుదల వేగం, ధర కాదు. కొట్టుకెళ్లిన మనిషికి ఆ శీర్షిక అబద్ధంలా కనిపిస్తుంది, తర్వాత వచ్చే అసలు గణాంకాలనూ నమ్మడు.

భయపెట్టే మాట ఎందుకంటే, క్లిక్కులొస్తాయి కాబట్టి. అప్‌వర్తీ సైట్ శీర్షికలను విశ్లేషించి 2023లో ప్రచురించిన పరిశోధనలో, సగటు పొడవున్న శీర్షికలో ఒక్కో ప్రతికూల పదం పెరిగితే క్లిక్ రేటు 2.3 శాతం పెరిగింది. ఫలితం జనం జవాబుల్లోనూ కనిపిస్తుంది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ సర్వేలో 2021లో 78 శాతం మంది తమ ఇంటి ఆర్థిక పరిస్థితి ఫర్వాలేదన్నారు. దేశ ఆర్థిక వ్యవస్థ బాగుందన్నవాళ్లు 24 శాతమే. ఇంటి సంగతి మన కళ్లతో చూస్తాం, దేశం సంగతి వార్తల్లోంచి చూస్తాం. ఈ తేడా మొత్తాన్నీ శీర్షికల నెత్తిన రుద్దలేం, ధరలూ కరోనా కూడా ఉన్నాయి. కానీ కొంత వాటా వాటిదే.

చదివేటప్పుడు ముందు హడావిడి మాటలను కొట్టేయండి: కుదేలు, కుప్పకూలిన, బెంబేలు, దూసుకెళ్లిన. మిగిలిన అంకె పక్కన ఎంత శాతం, దేనితో పోలిక, నెలకా త్రైమాసికానికా ఏడాదికా అని రాసుకోండి. 'నిరుద్యోగం 25 శాతం పెరిగింది' అంటే 4 నుంచి 5 శాతానికి వచ్చిందని కావచ్చు, అంటే పెరిగింది ఒక శాతం పాయింటు. గ్రాఫ్ ఉంటే ఎడమ గీత ఎక్కడ మొదలైందో చూడండి; 98 దగ్గర మొదలుపెడితే రెండు శాతం తగ్గుదల కూడా లోయలా కనిపిస్తుంది. ఈ వివరాలు వార్తలో లేకపోతే గణాంక సంస్థ పత్రికా ప్రకటనలో మొదటి పట్టిక తెరవండి, రెండు నిమిషాల పని.

అంకె తొలి అంచనానా, సవరించినదా అన్నది కూడా చూడాలి. అమెరికా నెలవారీ ఉద్యోగాల సంఖ్యనే తర్వాతి రెండు నెలల్లో రెండుసార్లు సవరిస్తారు. పెద్ద అక్షరాలు తొలి అంచనాకే దక్కుతాయి, సవరణ వార్త ఎక్కడో లోపలి పేజీలో వెతుక్కోవాలి.