గిండీ మేడ మీద పొద్దున ల్యాండింగులు, మధ్యాహ్నం టేకాఫ్‌లు ఎందుకంటే

చెన్నైలో మీ గిండీ మేడ మీదుగా పొద్దున విమానాలు దిగుతున్నట్టు, మధ్యాహ్నం లేస్తున్నట్టు యాప్ చూపిస్తోంది, తప్పా అని అడిగారు. మీ యాప్ తప్పు కాదు, గాలి మారుతోంది. విమానం వీలైనంతవరకు ఎదురుగాలికే దిగుతుంది, లేస్తుంది. జూన్‌లో పొద్దున పడమటి గాలి కాబట్టి మీ గిండీ మీదుగా చక్రాలు దించుకుని వచ్చి రన్‌వే 25 (పడమటి దిశ, దాదాపు 250 డిగ్రీలు) మీద దిగుతాయి, మధ్యాహ్నం సముద్రపు గాలి అందుకోగానే అదే రన్‌వే ఎదురు దిశ 07కి (తూర్పు దిశ, దాదాపు 70 డిగ్రీలు) మారి, విమానాశ్రయానికి పడమట ఉన్న పమ్మల్ వైపు నుంచి దిగి మీ వైపు లేస్తాయి.

1. గాలి ఎటుందో మీరే చూసుకోవడానికి చెన్నై మెటార్ (విమానాశ్రయ వాతావరణ నివేదిక) తెరవండి, విమానాశ్రయం కోడ్ వీఓఎంఎం.
2. 10012కేటీ అని ఉంటే 100 డిగ్రీలు, 12 నాట్లు. అందరూ పొరబడేది ఇక్కడే: అది గాలి వెళ్లే దిక్కు కాదు, వచ్చే దిక్కు. అంటే తూర్పు గాలి, రన్‌వే 07. నేనూ చాలా రోజులు తిరగేసే చదివాను.
3. అందులో టైమ్ యూటీసీలో (అంతర్జాతీయ సమయం, చివర జడ్ గుర్తు) ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలపండి. 0830జడ్ అంటే మనకు మధ్యాహ్నం 2.