కొన్ని జాతుల వారికి హెచ్ఐవీ సోకదా?

పుట్టుకతోనే హెచ్ఐవీ నుంచి రక్షణ ఉన్న జాతి ఏదీ లేదు. అలాంటి రక్షణ కొందరు వ్యక్తులకు మాత్రమే ఉంటుంది, వారు కొన్ని ప్రాంతాల్లో ఎక్కువగా కనిపిస్తారు.

ఈ వైరస్ రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ కణంలోకి చొరబడాలంటే కణం పైపొర మీది సీడీ4 అణువును పట్టుకున్న తర్వాత, సాధారణంగా సీసీఆర్5 అనే మరో ప్రొటీన్‌ను ఆసరా చేసుకోవాలి. ఈ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులో 32 బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు) లోపించిన రూపం ఉందని 1996లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ రూపమే సంక్రమించినవారి కణాలపై సీసీఆర్5 ఉండదు కనుక వైరస్‌కు దారి దాదాపు మూసుకుపోతుంది. ఒక్కరి నుంచే వస్తే ఇన్ఫెక్షన్ ఆగదు గానీ, వ్యాధి ముదరడం కొంత నెమ్మదిస్తుంది. ఐరోపా సంతతివారిలో సుమారు 10 శాతం మందికి ఈ జన్యు రూపం ఒక ప్రతి, దాదాపు 1 శాతం మందికి రెండు ప్రతులు ఉంటాయి. ఆఫ్రికా, తూర్పు ఆసియా మూలాలున్నవారిలో ఇది చాలా అరుదు. బెర్లిన్‌లో లుకేమియాకు (రక్త క్యాన్సర్‌కు) చికిత్స పొందిన హెచ్ఐవీ రోగి టిమోతీ రే బ్రౌన్‌కు, ఈ రూపం రెండు ప్రతులున్న దాత మూలకణాలు ఎక్కించాక ఆయన హెచ్ఐవీ నుంచి కూడా విముక్తుడయ్యారు.

అయితే సీఎక్స్‌సీఆర్4 అనే వేరే ప్రొటీన్ ద్వారా ప్రవేశించే హెచ్ఐవీ రకాలూ ఉన్నాయి కనుక రెండు ప్రతులున్నవారికీ పూర్తి భరోసా లేదు. ఆఫ్రికాలో వ్యాధి విస్తృతిని ఈ ఒక్క జన్యువుకు ఆపాదించడం మాత్రం ముమ్మాటికీ పొరపాటు; అక్కడ పరీక్షలు, మందులు ఆలస్యంగా అందడం అంతకంటే చాలా పెద్ద కారణం.