టెక్ సందేహాలు: పంపు గుయ్‌మంటోంది, నీళ్లు మాత్రం ఎగరట్లేదు

ప్రశ్న (పాలకొల్లు నుంచి): పెరట్లో సిమెంటు తొట్టి కట్టించి ఫౌంటెన్ పెట్టుకున్నామండి. 18 వాట్ల మునిగే పంపు. నింపేది కాలువ నీళ్లతోనే. వరదల నుంచి గుయ్‌మని శబ్దమే తప్ప నీళ్లు లేవు. షాపులో అడిగితే కాలిపోయింది, కొత్తది కొనమంటున్నారు.

అప్పుడే కొనకండి. గుయ్‌మంటోందంటే కరెంటు అందుతోంది, లోపల కాయిల్ బతికే ఉంది. ఇరుక్కుపోయింది ఇంపెల్లర్, అంటే తిరుగుతూ నీటిని తోసే రెక్కల చక్రం అయి ఉంటుంది. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే ధవళేశ్వరం నుంచి మీ కాలువ దాకా ఒండ్రే కదా, అది ముందు పంపు మూతి దగ్గరి స్పాంజిని మూసేస్తుంది, దాన్ని దాటిన సన్న ఇసుక లోపలికెళ్లి ఇంపెల్లర్ చుట్టూ పేరుకుంటుంది.

ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. పంపు ముందు మూత తిప్పి తీస్తే రెక్కలున్న చిన్న అయస్కాంతం కనిపిస్తుంది, అదే ఇంపెల్లర్. నిదానంగా తిన్నగా లాగండి, మధ్యలో పుల్లలా ఉండే ఇరుసు చాలా పంపుల్లో సిరామిక్‌ది, కాస్త వంచినా పుటుక్కుమంటుంది. పాత టూత్‌బ్రష్‌తో ఆ గూడంతా తోమండి. బోరు నీళ్లు వాడేవాళ్లకి ఒండ్రు బదులు తెల్లటి సున్నపు పొర కడుతుంది, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో కాసేపు నానబెట్టి బాగా కడిగితే పోతుంది. ఇరుసు విరిగినా, అయస్కాంతం తుప్పుపట్టి ఉబ్బినా ముందు ఇంపెల్లర్ ఒక్కటే దొరుకుతుందేమో అడగండి.

ఒకవేళ కొత్తదే కొనాల్సి వస్తే పెట్టె మీద ‘గంటకు 1000 లీటర్లు’ చూసి మురిసిపోకండి. అది నీటిని పైకి ఎత్తే పని లేనప్పటి లెక్క. ‘గరిష్ఠ ఎత్తు 1.5 మీటర్లు’ అని ఉంటే ఆ ఎత్తులో చుక్క కూడా రాదని అర్థం.

ప్రశ్న (భీమవరం నుంచి): మా చేపల తొట్టి ఫిల్టర్ స్పాంజీలు వారం వారం కుళాయి కింద తెల్లగా ఉతుకుతున్నాను. అయినా చేపలు చస్తున్నాయి, నీళ్లు పచ్చగానే ఉంటున్నాయి.

ఆ ఉతకడమే కొంప ముంచుతోంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజీల్లోనే కాపురం ఉంటుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. ఇకనుంచి తొట్టి నీళ్లే బకెట్‌లోకి తీసుకుని అందులో పిండండి, నీరు ధారాళంగా పారితే చాలు, తెల్లబడక్కర్లేదు. అన్నీ ఒకేసారి వద్దు. మీరుండేది భీమవరంలో కాబట్టి అమ్మోనియా టెస్ట్ కిట్ కోసం ఆన్‌లైన్‌లో వెతకడం దేనికి, ఆక్వా మందుల షాపులో అడగండి! పచ్చదనం తగ్గాలంటే నీడ కావాలి, కలువ ఆకులు పరుచుకున్నా చాలు. నీళ్లను పచ్చగా చేసే నాచుని చంపే యూవీ ల్యాంప్ ఉంటే, ట్యూబ్ వెలుగుతోందిగా అని వదిలేయకండి, ఏడాది తిరిగేసరికి దాని పస తగ్గిపోతుంది.

ప్రశ్న (అమలాపురం నుంచి): స్మార్ట్ ప్లగ్ పెట్టి పంపుని సాయంత్రం రెండు గంటలే నడిపితే కరెంటు ఆదా కదా?

చేపల్లేని ఫౌంటెన్ అయితే అలాగే కానివ్వండి, దోమలు పెరగకుండా వారానికోసారి నీళ్లు మార్చండి. చేపలుంటే మాత్రం ఫిల్టర్ ఆపకూడదు, ఆక్సిజన్ అందక బ్యాక్టీరియా చచ్చిపోతుంది. 18 వాట్ల పంపు రాత్రింబవళ్లు తిరిగినా నెలకు 13 యూనిట్లే. తుపానుకి కరెంటు పోయి చాలాసేపటికి వస్తే, ఫిల్టర్ డబ్బాలో మురిగిన నీళ్లు పారబోశాకే ఆన్ చేయండి. వాట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ అయితే ఇంకో లాభముంది, రోజూ చూపే అంకె మారిందంటే స్పాంజి చూడాల్సిన టైమ్ వచ్చినట్టే. ప్లగ్‌ని వానలో పెట్టకండి. అన్నిటికన్నా ముందు ఆ లైనుకి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి. వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెళ్లేలా కట్టండి, దాని వెంట జారే నీటిచుక్క కిందే రాలిపోతుంది.