తూము కాసే మనిషికి మేర

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

మన చెరువు తూము దగ్గర మూడేళ్లుగా పైసా తీసుకోకుండా నీళ్లు వదులుతున్న ఆ పిల్లవానికి ఇకనైనా ఏమైనా ఇవ్వాలా, ఇస్తే అతని సేవకు విలువ తగ్గుతుందా అని ఆయకట్టు రైతుల తరఫున అడిగావు. ఇవ్వవలసిందే. ఎట్లా ఇవ్వాలన్నదే మీరు కూర్చొని తేల్చుకోవలసిన సంగతి.

నా చిన్నతనంలో ఆ పని నీరటిది, అంటే ఊరి చెరువు నీళ్లు పంచేవానిది. వడ్లు ఇంటికి చేరకముందే కల్లంలో అతని మేర, అంటే పంటలో అతని వాటా, కొలిచేవారు. అర్ధరాత్రి మత్తడి దుంకుతుంటే కట్ట మీద ఉండేది అతనే, చివరి మడికి నీరందకపోతే తిట్లు తినేదీ అతనే. అయినా దాన్ని ఎవరూ సేవ అనలేదు. (ఆ రోజులు బంగారమని నేననను. పని పుట్టుకతో అంటగట్టిందే, కొలిచే చెయ్యి పెద్దరైతుదే.) పైగా వెట్టి మీద తిరగబడ్డ జిల్లా మనది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో భూమితో పాటు వెట్టి కూడా జనాన్ని కదిలించింది; 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంతో దాన్ని నిషేధించింది. ఇష్టపడి చేసే పని వెట్టి కాదు, నిజమే. కానీ నోరు తెరిచి వద్దనలేని పేదవాడు ఏళ్ల తరబడి చేస్తూ పోతే ఆ రెంటి మధ్య గట్టు సన్నబడుతుంది.

బతుకమ్మకు ముందు చెరువు గట్టు శుభ్రం చేయడానికి ఊరంతా వస్తే కూలి మాట అక్కరలేదు, అది ఒక్కపూట పని. తూము పని నాట్ల నుంచి కోతల దాకా రోజూ ఉంటుంది. పదెకరాల రైతు కొడుకు దాన్ని ఉచితంగా చేయగలడు. కైకిలికి పోతేనే ఇల్లు గడిచేవాడు చేస్తే ఆ నష్టం అతని తల్లి మోస్తుంది. నేను ఊరి పెద్దగా ఉన్నప్పుడు ఇలాంటి పిల్లవానికే శాలువా కప్పి చప్పట్లు కొట్టించాను. మరుసటి వానకాలానికి అతడు హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయాడు, చివరి మళ్లు ఎండినాయి. అతన్ని ఒక్క మాట అడిగే ముఖం నాకు లేకపోయింది.

పనికింత అని మాత్రం లెక్కగట్టకండి. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఊళ్లలో ఆరోగ్య పనులు చూసే ఆశాలను స్వచ్ఛంద కార్యకర్తలుగా తీసుకొని ఒక్కో పనికి ఇంత పారితోషికమని పెట్టింది. స్థిర వేతనం కోసం వాళ్లు ఏళ్లుగా ధర్నాలు చేస్తున్నారు. తూము దగ్గరా షట్టరు ఎత్తినందుకు ఇంత అంటే, కాలువలో చెత్త తీయడం, వంతుల తగాదా తీర్చడం లెక్కకు రావు. ఎకరానికింత అని పంటకాలానికి కట్టండి.

ఆ మాట నాట్లకు ముందే తేలాలి. కోతలైనాక అడిగితే ప్రతి రైతుకూ ఏదో ఒక కష్టం గుర్తుకొస్తుంది. ఇప్పుడు హార్వెస్టరు కోసిన వడ్లు నేరుగా కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి కనుక కల్లంలో మేర కుదరదు. సగం నాట్లప్పుడు, మిగతా సగం వడ్ల పైసలు ఖాతాలో పడినాక వసూలు చేసి, పేరు పేరునా పుస్తకంలో రాయండి. వసూలుకు చివరి మళ్ల రైతును కూడా పెట్టండి, అతని కన్ను నీటి మీదే ఉంటుంది. జ్వరమొచ్చిన రోజు బదులు ఎవరు నిలబడతారో కూడా అందులోనే రాయాలి.

అంతకన్నా ముందు ఆ పిల్లవాన్ని నలుగురిలో అడగకు, సిగ్గుతో వద్దంటాడు. వాళ్లింటికి పోయి తల్లితో మాట్లాడు. పాత ఆయకట్టు లెక్కల పుస్తకం నా దగ్గర ఉంది, ఈసారి వచ్చినప్పుడు తీసుకుపో.

మీ మామ