సిక్కిం మనలో కలిసిందా, మనం కలుపుకున్నామా?

"1975లో సిక్కింని భారత్ బలవంతంగా కలుపుకుందా, అక్కడి జనమే కోరి కలిశారా?" అని అడిగారు. దీనికి మనవాళ్ళు చెప్పే జవాబులు రెండే రకాలు. కొందరు అంతా భారత గూఢచారులే నడిపించారనే కథ మొదలుపెడతారు. మిగతావాళ్ళు విలీనానికి 97 శాతం ఓట్లు పడ్డాయి కదా, ఇంకేం కావాలంటారు. ఆ ఓటు వేసినవాళ్ళని మాత్రం ఎవరూ అడగరు. నేను అడిగాను కాబట్టి రాస్తున్నాను.

సిక్కింలో సింగ్‌తామ్ అనే ఊరి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు పనిచేశాను. ఆ తీస్తా లోయలో ఫార్మా కంపెనీలు చాలా ఉన్నాయి, వాటిలో తెలుగువాళ్ళూ కనిపిస్తారు. మా ఇంటి ఓనరు సిక్కిం నేపాలీల్లో రాయ్ కులానికి చెందిన పెద్దాయన, డెబ్బై దాటాయి. అందరిలాగే నేనూ ఆయన్ని బాజే అనేవాణ్ణి, అంటే తాతగారని.

2023 జనవరిలో సుప్రీంకోర్టు సిక్కిం వాళ్ళ ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు మీద తీర్పు ఇచ్చింది. అందులో ఒకచోట సిక్కిం నేపాలీలని 'విదేశీ మూలాలున్నవాళ్ళు' అని రాశారు. రాష్ట్రమంతా భగ్గుమంది. ర్యాలీలు, బంద్‌లు. సింగ్‌తామ్ బజారు మూతపడితే మాకు కూరగాయలు కూడా దొరకలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం బాజే నన్ను పిలిచి కూర్చోబెట్టారు. లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పాత కాగితం ఒకటి తెచ్చారు. వాళ్ళ నాన్నగారి సిక్కిం సబ్జెక్ట్ సర్టిఫికెట్. 1961లో, సిక్కిం ఇంకా రాజ్యంగా ఉన్నప్పుడు, రాజుగారి ప్రభుత్వం చట్టం చేసి తన పౌరుల పేర్లు రిజిస్టర్‌లోకి ఎక్కించింది, ఆ నాటి కాగితం. మడతల దగ్గర చిరిగిపోతే వెనకాల టేపు అంటించారు. "చూడు బాబూ, మీ దేశం మా దగ్గరికి రాకముందే నేను ఇక్కడివాణ్ణి. ఇప్పుడు విదేశీ ఎలా అయ్యాను?" అని హిందీలో అడిగారు. గొంతు వణికింది. ఆయన కోపం తెచ్చుకోవడం నేను చూసింది అప్పుడే.

మరి 1975లో మీరు ఎటు ఓటేశారని అడిగాను. "కలవాలనే వేశాను" అన్నారు వెంటనే. ఎందుకంటే అప్పట్లో జనంలో నాలుగింట మూడొంతుల మంది నేపాలీలు, కానీ రాజ్యం కౌన్సిల్లో వాళ్ళకీ, భూటియా, లెప్చా తెగలవాళ్ళకీ సమానంగా సీట్లు. చోగ్యాల్, అంటే రాజు, పాల్డెన్ తొందుప్ నామ్‌గ్యాల్ దాన్ని మార్చడానికి ఒప్పుకోలేదు. 1973లో ఎన్నికల్లో మోసం జరిగిందని జనం రోడ్ల మీదికి వచ్చారు. 1974 ఎన్నికల్లో రాజుని వ్యతిరేకించిన కాజీ లెందుప్ దోర్జీ పార్టీ 32 సీట్లలో 31 గెలిచింది. "మాకు రాజు వద్దు, ఒక మనిషికి ఒక ఓటు కావాలి. ఆ ఓటుతో పాటు ఇండియా కూడా వచ్చింది" అన్నారు బాజే.

నా జవాబు ఈ మాటలోనే ఉంది. 1975 ఏప్రిల్ 9న భారత సైన్యం గాంగ్‌టక్‌లో రాజభవనాన్ని చుట్టుముట్టి సిక్కిం గార్డుల ఆయుధాలు తీసుకుంది. గేటు దగ్గర కాపలా ఉన్న బసంత కుమార్ ఛెత్రీ అనే గార్డు తూటాకి చనిపోయాడు. మర్నాడు అసెంబ్లీ తీర్మానం, 14న రెఫరెండం. కొండల మీద ఊళ్ళకి నడిచి వెళ్ళాల్సిన చోట నాలుగు రోజుల గడువు! పైగా రాచరికం రద్దు, భారత్‌లో విలీనం, రెండూ కలిపి ఒకటే ప్రశ్న. రాజు వద్దు కానీ దేశం ఉండాలి అనుకున్నవాడు ఓటు ఎక్కడ వేస్తాడు? 59,637 మంది ఔనన్నారు, 1,496 మంది కాదన్నారు. ఆ ఔను అబద్ధమని నేను అనను. రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగితే రెండోదానికి అంత మెజారిటీ వచ్చేది కాదని మాత్రం గట్టిగా అంటాను. మే 16న సిక్కిం 22వ రాష్ట్రం అయింది. 1979 ఎన్నికల్లో, విలీనాన్ని సమర్థించిన కాజీ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. విలీనాన్ని విమర్శిస్తూ వచ్చిన నర్ బహదూర్ భండారి ముఖ్యమంత్రి అయ్యారు. ప్రజలందరూ కోరి వచ్చారనేవాళ్ళు ఈ ఎన్నిక గురించి ఎందుకు మాట్లాడరు?

ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఫ్యాక్టరీలో చదువుకున్నవాళ్ళే స్థానికుల్ని ఎదురుగా 'చైనా వాడు' అని పిలవడం నా చెవులతో విన్నాను. గాంగ్‌టక్ వచ్చిన టూరిస్టులు టాక్సీ డ్రైవర్ని "మీరు ఇండియన్సేనా?" అని అడుగుతారు. చైనా సరిహద్దులోని నాథులా కనుమ దగ్గర మంచు ముందు ఫొటోలకి గంటలు పెడతారు, ఆ డ్రైవర్ పేరు మాత్రం అడగరు. చాలా బాధగా ఉంటుంది.

"వాళ్ళకి ట్యాక్స్ లేదు, మనం అక్కడ స్థలం కొనలేం, ఇదేం న్యాయం?" అని ఏడ్చేవాళ్ళు రాజ్యాంగంలో మన 371డి అధికరణం గుర్తు చేసుకోండి. స్థానికులకి ఉద్యోగాల కోసం మనం ఎంత కొట్లాడాం? ముల్కీ గొడవల తర్వాత 1973లో రాజ్యాంగం సవరించి మనకి అది ఇచ్చారు. రెండేళ్ళకి సిక్కింకి 371ఎఫ్ వచ్చింది. వాళ్ళ పాత చట్టాలు దానివల్లే నిలిచాయి. భూటియా, లెప్చాల భూమి వేరేవాళ్ళకి అమ్మకూడదనే 1917 నాటి ఉత్తర్వు కూడా అందులోదే. దేశాన్నే వదులుకుని వచ్చినవాళ్ళకి ఆ మాత్రం రక్షణ ఇవ్వడం దయ కాదు, బాకీ.

ఆ 'విదేశీ' మాటని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలోనే తీసేసింది. బాజేకి ఫోన్లో చదివి వినిపించాను. "మంచిది" అని, వెంటనే అక్కడి లింబూ, తమాంగ్ తెగల సంగతి ఎత్తారు. వాళ్ళని ఎస్టీలుగా గుర్తించి అప్పటికి ఇరవై ఏళ్ళయింది, అసెంబ్లీలో సీట్లు మాత్రం రిజర్వ్ చేయలేదు. "ఢిల్లీలో ఆ ఫైలు ఎవరి దగ్గరుందో కనుక్కోగలవా?" అని అడిగారు.